తోడు లేకుండా పేరుకునేది

కాలు లేపమంది డాక్టరమ్మ. లేపుదామనే అనుకున్నాను. ఆ అనుకోవడం ఎప్పటిలాగే తలలోంచి బయల్దేరి, నడుము దాకా పోయి, అక్కడ ఆగిపోయింది. లేచిందా అని నేనే అడిగాను. లేవలేదు సిస్టర్, బాగా పట్టింది అని దివ్యగారు సంతోషపడింది. చిన్నపిల్ల, మత్తు ఇవ్వడంలో చెయ్యి మాత్రం తేలిక, నడుములో సూది దిగినట్టే తెలియలేదు. ఎంతమందిని ఇలా మంచం అంచున కూచోబెట్టి, గడ్డం గుండెకి ఆనించు, ఊపిరి వదులు, కదలకు అంటూ వీపు పట్టుకుని నిలబడ్డానో. ఇవాళ నా వీపు వార్డుబాయ్ పెంటయ్య పట్టుకున్నాడు. "జర ఇట్ల వంగమ్మా, ఫికర్ చెయ్యకు, రెండు నిమిషాల పని" అన్నాడు. రోగులకి నేను చెప్పే అబద్ధమే, యాస తేడా అంతే. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తను పోయి కుడితిలో పడ్డట్టుంది నా సంగతి. ఛాతీ మీద పచ్చగుడ్డ తెర కట్టేశారు. తెరకి ఇవతల నేను, అవతల నా కుడికాలు, దాని దగ్గర సర్జన్ గిరీష్ గారు. కడప మనిషి, నెమ్మదైన చెయ్యి, సూటి మాట. మొదలుపెట్టే ముందు తెర మీదుగా తొంగిచూసి, "సిస్టర్, వేళ్లూ ముందు భాగమూ తీస్తాను. మడమ మిగల్చాలనే చూస్తాను. లోపల ఎట్లుందో తెరిస్తే గాని తెలీదు. బాగలేకపోతే మోకాలి కిందికి పోవాల్సి వస్తాది. రెండిటికీ ఒప్పుకున్నారు కదా" అన్నారు. ఒప్పుకున్నాను సార్ అన్నాను. మడమ ఉంటే చాలు. మడమ ఉంటే చర్చిలో పాటకి లేచి నిలబడతాను, స్నానాలగదికి ఒకరి చెయ్యి పట్టుకోకుండా పోతాను. దేవుణ్ణి మడమ వరకే అడుగుతున్నాను. ఇంకొకటీ అడుగుతున్నాను, మడమ కన్నా గట్టిగా. ఈ కాలు ఎందుకిలా అయిందో బయట కూచున్న మా చెల్లి స్టెల్లాకి ఎప్పటికీ తెలియకూడదు.

కళ్లు మూసుకోవచ్చు, చెవులెలా మూసుకుంటాను. ఇది ట్రేలో కత్తి పెట్టిన చప్పుడు. ఇది గొట్టం పీలుస్తున్న చప్పుడు. ఇది రక్తం ఆపడానికి కాల్చే పెన్ను, దాని వెనకాలే వాసన. ఆ వాసన ఊరివాళ్లదైనన్నాళ్లూ నాకు ఆకలి కూడా చచ్చేది కాదు, డ్యూటీ దిగి చేతులు కడుక్కుని పెరుగన్నం తినేసేదాన్ని. ఇప్పుడది నా వాసన. ముఖం పక్కకి తిప్పుకుంటే దివ్యగారు, చలేస్తోందా సిస్టర్ అని దుప్పటి గడ్డం దాకా లాగింది. చలి కాదమ్మా, వాసన అనలేక వేస్తోందన్నాను. జీడిమెట్ల ఆస్పత్రిలో పని చేసినప్పుడు ఇలాంటి వాసన రోజూ ఉండేది. ఫ్యాక్టరీల నుంచి యాసిడ్ పడినవాళ్లు, ఆవిరి కొట్టినవాళ్లు, ఆటోలో వేసుకుని తెచ్చేవాళ్లు. కాలిన రోజు కాదు వాళ్లు ఏడ్చేది. కాలిన రోజు నోట మాట రాదు. ఏడ్చేది మర్నాటి నుంచి, కట్టు మార్చే వేళకి. గుడ్డ పుండుకి అతుక్కుని ఎండిపోతుంది, దాన్ని సెలైన్ పోసి నానబెట్టి, ఎంత నానబెట్టినా చివరికి లాగాల్సిందే, లాగితే కొత్తగా వచ్చిన లేత కండ కూడా దాంతోపాటే వచ్చేస్తుంది. నిన్నంతా శరీరం కట్టుకున్నది ఇవాళ నేను పీకేసేదాన్ని. ఈశ్వరయ్య అని ఒకాయన, రెండు చేతులూ కాలినవాడు, నా అడుగుల చప్పుడు వినపడగానే దుప్పటి ముఖం మీదికి లాక్కునేవాడు. "నువ్వొస్తే యముడొచ్చినట్టే ఉంటది సిస్టరమ్మా" అన్నాడొకసారి. నవ్వుతూనే అన్నాడు. ఆ రోజు నేను అన్నం తినలేదు. అతుక్కోని మందేదైనా ఉంటే బాగుండునని, మెత్తగా ఉండి, తడిగా ఉండి, తీసేటప్పుడు నీళ్లతో జారిపోయేదేదైనా ఉంటే బాగుండునని ఇంటికొచ్చి స్టెల్లాతో అన్నాను. అప్పటికది ఇంటర్ చదువుతోంది. నోట్లో పెన్సిలు పెట్టుకుని, నేను చేస్తాలే అక్కా అంది. నెయిల్ పాలిష్ కొనిస్తాలే అన్నట్టుగా అంది.

చేసింది కూడా. ఆ మాట తలుచుకుంటే ఈ చల్లటి బల్ల మీద కూడా గుండె ఉప్పొంగుతుంది, నాకు సిగ్గు లేదు. కొండాపూర్ వైపు అద్దాల భవనంలో వాళ్ల కంపెనీ, చిన్నది, పదిమందో పన్నెండుమందో. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కోడికూర క్యారేజీ పట్టుకుని పోయాను. తెల్లకోటులో మా పిల్ల, నా కన్నా పొడుగ్గా, నా కన్నా సన్నగా, రా అక్కా నీకొకటి చూపిస్తానంది. బొటనవేలంత సీసా, అందులో నీళ్లు. నీళ్లేగా అన్నాను. నీళ్లే, అందులో చిన్న చిన్న పెప్టైడ్లు కరిగి ఉన్నాయంది. ప్రొటీన్ అంటే పెద్ద గొలుసు, వీటిలో రెండో మూడో పూసలు, అంతే. ఒంట్లో ఉండే పూసలే, కొత్తవి కావు. ఇప్పుడు వేటికవి తిరుగుతున్నాయి, ఒకదాన్ని చూస్తే ఒకదానికి పడదు. ఈ పొడి కొంచెం వేస్తాను, ఇది మెల్లగా నీళ్లని పుల్లబరుస్తుంది, అప్పుడు వాటి మధ్య ఉన్న పేచీ పోతుంది, ఒకటి పక్కన ఒకటి చేరి పొడుగ్గా దారాలవుతాయి, దారాలు అల్లుకుంటాయి, మధ్యలో నీళ్లు చిక్కుకుంటాయి. ఎవరు అల్లుతారే అన్నాను. ఎవరూ అల్లరక్కా, అవే అంది. పెరుగు తోడుకున్నట్టా అన్నాను. నవ్వింది. "పెరుగుకి తోడు వెయ్యాలి కదా. ఇది తోడు లేకుండా పేరుకుంటుంది. కాకపోతే పేరుకునేటప్పుడు కదపకూడదు. కదిపితే విరిగిపోయి ముద్దలు ముద్దలవుతుంది." ఇద్దరం ఆ బల్ల పక్కనే స్టూళ్ల మీద కూచుని, సీసాని ముట్టుకోకుండా, కిందింటామె కోడలి సంగతీ, చర్చిలో కొత్తగా కొన్న కీబోర్డు సంగతీ మాట్లాడుకున్నాం. తర్వాత స్టెల్లా సీసాని తలకిందులు చేసింది. నేను గబుక్కున చెయ్యి పట్టాను, కింద పడుతుందని. పడలేదు. నీళ్లు సీసా అడుగుని పట్టుకుని పైనే నిలబడ్డాయి. అవే నీళ్లు. నూటికి తొంభై తొమ్మిది పాళ్లు నీళ్లేనంది. నేనడిగినవి నర్సు ప్రశ్నలు. మండుతుందా? మండదు. అతుక్కుంటుందా? అతుక్కోదు, సెలైన్ పోస్తే జారిపోతుంది. లేతకండ? దాని మీదే పెరుగుతుందక్కా, ఈ దారాలు పట్టుకుని పాకుతుంది. ఈశ్వరయ్య గుర్తొచ్చాడు. కళ్లు తుడుచుకున్నాను. కూరలో కారమెక్కువైందా అంది, ఇంకా మూతే తియ్యని క్యారేజీ చూసి.

ట్రేలో ఏదో పడింది. ఇనుము కాదు. ఇనుము మోగుతుంది. ఇది మెత్తగా, బరువుగా పడింది. బొటనవేలు అయ్యుంటుంది, పుండు దాని అడుగునే కదా. తెర అవతల ఎవరో దాన్ని కప్పేసి ఉంటారు. నేనూ ఇలాగే ట్రే పట్టుకుని నిలబడి, పడినదాన్ని గుడ్డ ముక్కతో కప్పేదాన్ని. ఆ వేలితో నాకు విరోధమేం లేదు. పెళ్లప్పుడు మా ఆయన పౌలు మెట్టె తొడగబోయి పక్కవేలికి బదులు దానికి తొడిగితే అది అక్కడే ఇరుక్కుపోయింది, సబ్బునీళ్లు పెట్టి తీశారు, పాస్టరుగారు నవ్వు ఆపుకోలేక దగ్గారు. ఇప్పుడు బయట పౌలు ఫోనులో కీర్తనల గ్రంథం తెరిచి పైకి చదువుతూ ఉంటారు, పక్కవాళ్లు చూస్తున్నా ఆపరు. లెక్కల మాస్టారు, స్కూల్లో పులి, ఆస్పత్రిలో పిల్లి. ఏదడిగినా, అదేదో స్టెల్లాని అడగండి, తనకి తెలుసు అంటారు. మా ఇంట్లో అందరికీ అదే జబ్బు. స్టెల్లాకి తెలుసు.

ఆ వేలి కింద గులకరాయి. రాయదుర్గం మెట్రో దిగి మా ఆఫీసు టవర్ దాకా నడుస్తుంటే బూటులోకి పోయుంటుంది. నడిచినంతసేపూ ఉంది, రోజంతా ఉంది, సాయంత్రం బూటు విప్పితే జారి కింద పడింది. సాక్సుకి రక్తం. నాకు తెలియనే లేదు. షుగరు వచ్చి చాలా ఏళ్లయింది, పాదాలకి స్పర్శ పోతోందని తెలుసు, రోజూ అరికాళ్లు అద్దంలో చూసుకోమని ఎంతమందికి చెప్పానో. జీడిమెట్ల వదిలేశాక ఈ టవర్‌లో మెడికల్ రూమ్ నాది. మెడలో ట్యాగులు వేసుకుని పిల్లలొస్తారు, తలనొప్పి, గ్యాసు, నిద్ర చాలదు, మేనేజరు తిట్టాడు. మాత్ర ఇచ్చి కాసేపు పడుకోబెడతాను, అమ్మలాంటిదాన్నని వాళ్ల నమ్మకం. తలుపు వేసుకుని నా కట్టు నేనే కట్టుకున్నాను ఆ గదిలో. చిన్న పుండు, మినపగింజంత. వారం సెలవు పెట్టి, కాలు కింద మోపకుండా, వేలి కింద మెత్త వేసుకుని ఉంటే మూసుకుపోయేది. ఎదుటివాళ్లదైతే అదే చేయించేదాన్ని. నాకొచ్చిన పని అదొక్కటే కదా, పుండు మాన్పడం.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం స్టెల్లా అన్నం కలుపుతూ చెప్పింది. పర్మిషన్ వచ్చిందక్కా, మనుషుల మీద చూడొచ్చు. ఒక పెద్ద ఆస్పత్రిలో మొదలవుతుంది. ఎలాంటివాళ్లు కావాలో చెప్పింది. షుగరు పుండు, పాదానికి. ఆరు వారాలు దాటినా మాననిది. ఎముక దాకా పోనిది. చీము పట్టనిది. చెప్పి చెప్పి, ముద్ద అలాగే చేతిలో పెట్టుకుని, "ఎవరొస్తారక్కా ముందు? కొత్త మందంటే అందరికీ భయం. ఆ మొదటి మనిషి దొరికితే చాలు నాకు" అంది. బల్ల కింద నా కుడిపాదం సాక్సులో ఉంది. పప్పు వడ్డించాను. అప్పటికి నా పుండుకి మూడు వారాలు. ఇంకో మూడు వారాలు ఉంటే సరిపోతుంది. అలా అనుకున్నాను. దేవా, ఎంత సులువుగా అనుకున్నాను. ఇంటిపేర్లు వేరు, ఎవరికీ తెలియదు, మామూలు రోగిలాగా చీటీ రాయించుకుని క్యూలో నిలబడతాను. మొదటి మనిషిని నేనే అవుతాను. నయమయ్యాక ఒక రోజు మంచం మీద కూచుని, సాక్సు విప్పి, ఇదుగోనే నీ మొదటి కాలు అని చూపిస్తాను. ఆ మాట ఎలా అనాలో కూడా చూసుకున్నాను, మెట్రోలో నిలబడి, పెదాలు కదుపుతూ. ప్రేమ ఒక్కటే కాదు అందులో. గొప్ప కూడా ఉంది. ఎస్తేరు సిస్టర్ కాలు మీదే మొదట వేశారట అని పదిమంది అనుకోవాలని ఉంది. అందుకని మెత్త వెయ్యలేదు. సెలవు పెట్టలేదు. శుభ్రంగా కడిగి, కట్టుకట్టి, దాని మీదే నడిచాను. ఒకరోజు కట్టు విప్పితే అంచులు గులాబీ రంగుకి తిరిగి దగ్గరికొస్తున్నాయి. ముప్పై ఏళ్లు ఊరందరి పుళ్లూ మాన్పినదాన్ని, నా పుండు మానిపోతుందేమోనని భయపడ్డాను. ఆ మధ్యాహ్నం లిఫ్టు ఎక్కకుండా మెట్లు దిగాను.

ఇప్పుడు తెర అవతల నీళ్లు పోస్తున్నారు, కడుగుతున్నారు, ధార చప్పుడు వినిపిస్తోంది. నొప్పి లేదు. లాగుతున్నట్టు, ఎవరో దూరాన బట్టలు జాడిస్తున్నట్టు నడుము ఊగుతోంది. నొప్పి ఉంటే బాగుండేదనిపిస్తోంది. నొప్పే ఉంటే ఆ గులకరాయి మొదటి అడుగులోనే దొరికేది. నొప్పే ఉంటే, స్టెల్లా వెయ్యనీ, స్టెల్లా వెయ్యనీ అని కూచునేదాన్నా. పుండుకి ఆరు వారాలయ్యాయి. ఆస్పత్రిలో ఆ మందు ఇంకా మొదలుపెట్టలేదు. స్టెల్లా ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా సోఫాలో పడిపోయింది. చిన్న సీసాలో పేరుకుంటోంది, పెద్ద పాత్రలో చేస్తే గంజిలా జారిపోతోందక్కా అంది. అవే పెప్టైడ్లు, అవే నీళ్లు, ఎక్కువ మోతాదయ్యేసరికి అన్నిచోట్లా ఒకేసారి పుల్లబడట్లేదు, ఒకవైపు ముద్ద కడుతోంది, ఇంకోవైపు నీళ్లలాగే ఉంటోంది. ఆస్పత్రికి ఇవ్వాలంటే ప్రతి సీసా ఒకేలా ఉండాలి కదా. తల నా ఒడిలో పెట్టుకుని ఏడిస్తే జుట్టు నిమిరాను. కంగారు పడకే, నెల ఆలస్యమైతే ఏమవుతుంది అన్నాను. ఆ మాట ఎవరికి చెప్పుకున్నానో నాకే తెలుసు. నెల అయింది. ఇంకో తారీఖు. అదీ జరిగింది. ఆలస్యం అమృతం విషం అని ఊరికే అనలేదు పెద్దవాళ్లు. మినపగింజ శనగగింజయింది. అప్పుడైనా డాక్టరుకి చూపించాల్సింది. చూపిస్తే ఆయన మందులు పెడతాడు, కాలికి పిండికట్టు వేస్తాడు, స్టెల్లా క్యూలో నాకు చోటు పోతుంది. ఇన్నాళ్లు ఆగినదాన్ని, ఈ నాలుగు రోజులకి పాడుచేసుకుంటానా అనుకున్నాను. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే సామెత అనుకునేదాన్ని. ఇప్పుడు గొడ్డలి చప్పుడు వింటున్నాను.

తర్వాత ఆ వాన. ఖాజాగూడ చెరువు వైపు మా సందులో నీళ్లు నిలబడిపోయాయి, ఆటో అబ్బాయి మలుపులోనే దించేసి, "గా నీళ్లల్లకి బండి పోదు ఆంటీ" అన్నాడు. పిక్కల దాకా నల్లటి నీళ్లు, కాలవలన్నీ పొంగి. పక్క షాపు అరుగు మీద నిలబడి వాన తగ్గేదాకా ఆగొచ్చు. ఆగాల్సిన చోట ఆగలేదు నేను. ఇంటికి పోయి చపాతీలు చెయ్యాలని, చెప్పులు చేత పట్టుకుని దిగిపోయాను. మూడోరోజుకి జ్వరం, చలి. వేలు నల్లబడింది. అప్పుడు కూడా ముందు అనుకున్నదేమిటంటే, అయ్యో, చీము పట్టింది, ఇంక నన్ను తీసుకోరు కదా అని. ఆ మాట గుర్తొస్తే నా మీద నాకే అసహ్యమేస్తోంది.

క్యాజువాలిటీలో సాక్సు కత్తిరించినప్పుడు స్టెల్లా చూసింది. కింద కూచుండిపోయింది, అంతమంది తిరిగే చోట, నేల మీద. తన చేతులు రెండూ నా మంచం కడ్డీని పట్టుకుని ఉన్నాయి. "ఎన్నాళ్ల నుంచి ఉందక్కా ఇది" అంది. మొన్న మొన్ననే, పని ఒత్తిడిలో చూసుకోలేదే అన్నాను. "నువ్వు చూసుకోకపోవడమేంటి" అంది. నా ముఖంలోకే చూసింది చాలాసేపు. అది లెక్కలు కట్టే పిల్ల, అంచుల రంగు చూసి ఎన్నాళ్ల పుండో చెప్పగలిగేంత చదివింది, నేనే నేర్పాను కొంత. నా మందు తయారయ్యుంటే అని మొదలుపెట్టింది. ఊరుకోవే, దీనికీ నీ మందుకీ ఏం సంబంధం అని కసిరాను. చిన్నప్పటి నుంచి దాన్నెప్పుడూ అలా కసరలేదు. పాపం, బిత్తరపోయి నోరు మూసుకుంది. కానీ ఆ చూపు పోలేదు. ఇవాళ పొద్దున ట్రాలీ మీద తోసుకొస్తుంటే కూడా పక్కనే నడుస్తూ నన్నలాగే చూసింది, అడగాల్సిందేదో నోటి చివర పెట్టుకుని. అడిగితే ఏమైపోతానో అని కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నట్టు పడుకున్నాను. తెలిస్తే అది ఇంక ఆ ల్యాబులో కాలు పెట్టదు. నాకు తెలుసు దాని సంగతి. ఇంకెవరి కాలికో ఆ మందు వెయ్యాల్సిన రోజున ఈ కాలే కళ్ల ముందుకొస్తుంది, సీసా పక్కన పెట్టేస్తుంది. ఎంతమంది ఈశ్వరయ్యలు దుప్పటి ముఖం మీదికి లాక్కుని దాని కోసం ఎదురుచూస్తున్నారో.

చప్పుళ్లన్నీ ఆగాయి. ఇదొకటే నాకు నచ్చని నిశ్శబ్దం. ఆపరేషన్ థియేటర్లో పని సాఫీగా సాగుతుంటే ఎవరో ఒకరు సినిమా గురించో క్రికెట్ గురించో మాట్లాడుతూనే ఉంటారు. గిరీష్ గారి ముఖం తెర మీద కనిపించింది, మాస్కు పైన కళ్లు మాత్రమే. "సిస్టర్, మెలకువగా ఉన్నారా" అన్నారు. ఉన్నాను సార్, ఎంత దూరం పోయింది అన్నాను. నర్సుతో మాట్లాడుతున్నట్టే మాట్లాడారు, అందుకు ఆయనకి దణ్ణం పెట్టాలి. "ముందు భాగం తీసినాం. చీము లోపల్లోపల మడమ దాకా పాకింది. కండకి రక్తం ఉంది, కానీ తక్కువ. ఇట్లే తెరిచి ఉంచి, రోజూ కడుగుతా చూడొచ్చు. నిలబడిందా, మడమ మీకు మిగుల్తాది. నిలబడలేదా, మళ్లీ ఈ బల్ల మీదికే, అప్పటికి విషం ఒంట్లోకి ఎక్కితే కాలుతో పోదు. లేదంటే ఇప్పుడే మోకాలి కింద తీసేస్తే పీడ పోతాది. మీ వాళ్లతో ఒక మాట మాట్లాడి వస్తాను" అన్నారు. వద్దు సార్, నన్నడగండి చాలు అనబోయాను. అప్పటికే గ్లవ్సు విప్పుతున్నారు.

తలుపు రెండుసార్లు ఊగి ఆగింది. దివ్యగారు బీపీ చూసి, కొంచెం పెరిగింది సిస్టర్, రిలాక్స్ అంది. మడమ. ఒక్క మడమ. చెల్లెలికి నడక నేర్పిన కాలు ఇది, మా అమ్మ బీడీల కంపెనీకి పోతే వరండాలో దాన్ని నా పాదాల మీద నిలబెట్టుకుని, రెండు చేతులూ పట్టుకుని నడిపించేదాన్ని. దాని పాదాలు నా పాదాల మీద ఎంత తేలిగ్గా ఉండేవో. తెరిచి ఉంచితే ఒకవేళ నిలబడుతుందేమో. నిలబడొచ్చు కూడా. ఇంతకన్నా చెడ్డ కాళ్లు నిలబడ్డం నేను చూశాను. పోయినవీ చూశాను, అవే ఎక్కువ. అయినా తెరిచి ఉంచండి అని చెప్పాలని ప్రాణం కొట్టుకుంటోంది. కొంచెం ఆగుదాం, చూద్దాం. ఈ మాట నా నోటికి ఎంత అలవాటైపోయింది.

గిరీష్ గారు తిరిగొచ్చారు. "మీ ఆయన మీ చెల్లెలెట్ల చెప్తే అట్ల అన్నారు. ఆమె మడమ ఉంచమని మరీ మరీ అడుగుతున్నారు. వాళ్ల జెల్ ఉందంట కదా, పెద్ద బ్యాచ్ మొన్న సరిగ్గా వచ్చిందంట. మీ ఒక్కరి కోసం స్పెషల్ పర్మిషన్ తెస్తాను, మూడు నాలుగు వారాలు ఆపండి, మా అక్కకే మొదట వేస్తాను అంటున్నారు. ఏడుస్తా ఉంది పాపం" అన్నారు.

పేరుకుందన్నమాట. ముందు నాకొచ్చింది సంతోషమే, నిజం. నాతో చెప్పలేదు, నేను జ్వరంలో ఉన్నానని ఆగి ఉంటుంది. పేరుకుంది, పెద్ద పాత్రలో, అన్నిచోట్లా ఒకేలా. మా అక్కకే మొదట. అన్నాళ్లు నేను కాలు పట్టుకుని కూచున్నది ఆ మాట కోసమే కదా, ఇదుగో, అడక్కుండా ఇస్తోంది. తీసుకో ఎస్తేరూ, తీసుకో. తీసుకుంటే మూడు నాలుగు వారాలు, ఈ చీముతో, ఈ రక్తంతో. చీము పట్టనిదీ ఎముక దాకా పోనిదీ అని అన్నం ముందు స్టెల్లాయే చెప్పింది, అక్క అనేసరికి అదే మర్చిపోయింది. నేను పోతే ఆ మందు వేసిన మొదటి మనిషి పోయినట్టు. దాని మందు దాని అక్కని చంపినట్టు. పోకపోయినా, రోజూ ఆ పుండు ముందు కూచుని కడుగుతూ కడుగుతూ ఒకరోజు లెక్క కట్టేస్తుంది, ఎప్పటి నుంచి, ఎందుకు. వద్దు. స్టెల్లా, నిన్నింతగా నమ్మకుండా ఉండాల్సింది నేను. కొంచెం తక్కువగా నమ్మి ఉంటే రెండు కాళ్ల మీద నిలబడి నీ మొదటి రోగికి కట్టు కట్టేదాన్ని.

"ఆగొద్దు సార్. మోకాలి కింద తీసెయ్యండి" అన్నాను. గొంతు బాగానే వచ్చింది. పెంటయ్య నా తల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. గిరీష్ గారు తెర మీదుగా ఇంకొంచెం వంగారు.

"ఇంకోసారి ఆలోచించండి సిస్టర్. మీ చెల్లెలు అంత ఆశ పెట్టుకుని ఉంది. బయటికి పోయి ఆమెకి నేను ఏం చెప్పేది? సొంత చెల్లెలు చేసిన మందు మీద మీకు నమ్మకం లేదా?"

"లేదు సార్" అన్నాను. "నాకు ఆ మందు మీద మొదటి నుంచీ నమ్మకం లేదని చెప్పండి."